వరుడు, పరుడు

పెద్దలకి, పిల్లలకి నమస్కారం.

ముందు వరసలో కూర్చున్న ఆరో తరగతి పిల్లల్ని చూస్తే నాకు కొంచెం భయంగానే ఉంది. వాళ్లని బడి నుంచి లైనుగా నడిపించి తీసుకొచ్చారు. వాళ్ల సార్లు వెనక నిలబడి ఎవరు మాట్లాడుతున్నారా అని చూస్తున్నారు. గ్రంథాలయ వారోత్సవాలంటే మా చిన్నప్పుడూ ఇంతే. నవంబరు 14న మొదలు, 20న ముగింపు, మధ్యలో ఒకరోజు నాలాంటివాడి ఉపన్యాసం, ఆఖర్న బిస్కెట్ ప్యాకెట్. బిస్కెట్లు ఉన్నాయట, వచ్చేటప్పుడు కనుక్కున్నాను. కాసేపు ఓపిక పట్టండి.

నాకిచ్చిన అంశం ‘నా బాల్యం, నా పుస్తకాలు’. ఇలాంటి సభల్లో ఏం చెబుతారో నాకు తెలుసు. నాన్నగారు ఇంటికి పత్రికలు తెప్పించేవారు, ఒళ్లో కూర్చోబెట్టుకుని పద్యాలు చెప్పించేవారు, అలా సాహిత్యం మీద ఇష్టం కలిగింది అంటారు. అలాంటి నాన్న దొరికినవాళ్లు అదృష్టవంతులు. మా నాన్న నన్ను పుస్తకం చదివినందుకు కొట్టాడు. సరిగ్గా చదవనందుకూ కొట్టాడు. ఆయన్ని ఎరిగినవాళ్లు ఈ హాల్లో కనీసం ముగ్గురు కనిపిస్తున్నారు, కాబట్టి అబద్ధం చెప్పినా దొరికిపోతాను.

మా నాన్న తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటరు.

అంటే ఏమిటో ఈ పిల్లలకి తెలియదు. ఇప్పుడు అక్షరం కావాలంటే ఫోన్ మీద వేలు ఆనిస్తే చాలు. అప్పట్లో అక్షరమంటే చేత్తో పట్టుకునే వస్తువు. సీసంతో పోతపోసిన చిన్న కడ్డీ, అంగుళంకన్నా కాస్త తక్కువ పొడుగు. దాని కొస మీద అక్షరం తిరగేసి ఉబ్బెత్తుగా ఉంటుంది. ఒక్కో అక్షరానికి చెక్క కేసులో ఒక్కో గది. ఇంగ్లీషుకి పెద్దక్షరాల కేసొకటి, చిన్నక్షరాల కేసొకటి ఉంటే పని జరిగిపోతుంది. మనకి గుణింతాలు, ఒత్తులు, సున్నాలు, అన్నీ కలిపితే వందల గదులు. నాన్న వాటి మధ్యలో నిలబడేవాడు. ఎడం చేతిలో స్టిక్కు, అంటే అక్షరాలు వరసగా పేర్చుకునే చిన్న పట్టీ. కుడి చెయ్యి కోడి గింజలేరినట్టు కేసుల మీద తిరిగేది. కళ్లు మాత్రం రాతప్రతి మీదే. ఏ అక్షరం ఏ గదిలో ఉందో చేతికి తెలుసు, కళ్లని అడగక్కర్లేదు.

స్టిక్కులో అక్షరాలు ఎడమ నుంచి కుడికే పేరుస్తారు, కాకపోతే తలకిందులుగా. అమ్మ ఇచ్చిన క్యారేజీ పట్టుకుని రోజూ మధ్యాహ్నం ప్రెస్సుకి వెళ్లేవాణ్ని కదా, నాకు అక్షరాలు ముందు అలాగే పరిచయమయ్యాయి. ఒకటో తరగతిలో వాచకం తిరగేసి పట్టుకుని గడగడా చదివేస్తుంటే మా మాస్టారు వేళాకోళం చేస్తున్నాననుకుని చెవి మెలిపెట్టారు. ఇప్పటికీ ఎదుటివాళ్ల చేతిలోని పేపరు నేను ఇటు నుంచి చదివేయగలను. బ్యాంకులో ఉద్యోగం చేసిన ముప్పయ్యేళ్లూ ఈ విద్య మేనేజర్ల టేబుళ్ల దగ్గర బాగా పనికొచ్చింది. అది వేరే సంగతి.

రోజుకి పది గంటలు అక్షరాల మధ్య ఉండే మనిషి ఇంట్లో ఒక్క పుస్తకం ముట్టుకునేవాడు కాదు. మాట కూడా తక్కువే. అన్నంలో ఉప్పు తగ్గితే కంచం పక్కకి జరిపేవాడు, అంతే. అమ్మ పరిగెత్తేది. ఆయన చెప్పుల చప్పుడు సందు మొగలో వినపడగానే ఇంట్లో రేడియో గొంతు తగ్గిపోయేది. నాకు తొమ్మిదో ఏడు వచ్చాక ఆయన నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు, అదీ ప్రూఫుల గురించే, అంటే తప్పులు చూసుకోవడానికి ముందుగా తీసే అచ్చు కాయితాల గురించే. సెలవుల్లో, సాయంత్రాల్లో కాపీ చదవడానికి పిలిచేవాడు. నేను రాతప్రతి పైకి చదవాలి. ‘రాముడు కామా లక్ష్మణుడు కామా సీత ఫుల్‌స్టాప్ కొత్త పేరా’, ఇలా. ఆయన ప్రూఫు చూస్తూ ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెట్టేవాడు. కొన్నాళ్లకి ప్రూఫు నా చేతికిచ్చి, ముందు నువ్వు చూడు, తర్వాత నేను చూస్తా అన్నాడు. నేను వదిలేసిన ప్రతి తప్పుకీ వేళ్ల కణుపుల మీద స్టీలు స్కేలుతో ఒకటి.

“చదవకురా, చూడు” అనేవాడు. “చదివావా, ఇక తప్పు కనపడదు. అర్థం అడ్డమొస్తుంది.”

ఈ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు మీరే చూసుకోండి. ‘ప్రభుత్వం’ అన్న మాటలో మొదటి రెండక్షరాలు కంట్లో పడగానే మిగతాది బుర్ర పూరించేసుకుంటుంది. అక్కడ ‘త్వ’ బదులు ‘త్త’ పడినా కళ్లు పట్టించుకోవు, వాక్యం వెంట పరిగెత్తిపోతాయి. కథ ఎంత బాగుంటే అంత పరుగు. అందుకే కంపోజిటర్ కథలో పడకూడదు. మా నాన్న అన్నేళ్లు అన్ని వేల పేజీలు కూర్చాడు, ఒక్క కథలోనూ పడలేదు.

నేను పడ్డాను.

ఆ రోజుల్లో తెనాలిలో డిటెక్టివ్ నవలలు తెగ అచ్చయ్యేవి. తొందర పని వస్తే పుస్తకాన్ని ఫారాలుగా విడగొట్టి రెండు మూడు ప్రెస్సులకి పంచేవారు. ఫారమంటే 16 పేజీలు. మాకు ఒకదాని మొదటి మూడు ఫారాలు వచ్చాయి. బంగళాలో హత్య జరిగింది, డిటెక్టివ్ కారు దిగాడు, తోటమాలి అబద్ధమాడుతున్నాడని తేలింది, 48వ పేజీ అయిపోయింది. ప్రూఫులు చూసిన నాకు నిద్రపట్టలేదు. హంతకుడెవరో పక్కవీధి ప్రెస్సుకి తెలుసు. నేను వెళ్లి అడిగాను కూడా. అక్కడి కంపోజిటరు నాన్నలాంటివాడే, “నేను చదవలేదురా, చూశాను” అన్నాడు.

పుస్తకం బయటికొచ్చాక అద్దె పుస్తకాల కొట్టులో పట్టుకున్నాను. రోజుకి పది పైసలు. ఇంటికి తీసుకెళ్తే నాన్న చూస్తాడు కాబట్టి ప్రెస్సులోనే కేసుల వెనక దాచాను. అచ్చయిపోయిన ఫారం విప్పి అక్షరాలన్నిటినీ మళ్లీ ఎవరి గదిలోకి వాళ్లని చేర్చే పని నాది. ఒక పక్క పుస్తకం తెరిచి పెట్టుకుని, మరో పక్క అక్షరాలు వేస్తూ కూర్చున్నాను. 48వ పేజీ దాటిన ఆనందంలో చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

‘ప’కి, ‘వ’కి తేడా ఏమిటి పిల్లలూ? ‘ప’ నోరు తెరిచి ఉంటుంది, ‘వ’ నోరు మూసుకుని ఉంటుంది. అంతే కదా. నేను కొన్ని ‘ప’లు ‘వ’ గదిలో వేశాను.

అది మాఘమాసం. పెళ్లి కార్డుల సీజను. నాన్న కళ్లు ఒక పెళ్లి కార్డు రాతప్రతి మీదే ఉన్నాయి, చెయ్యి అలవాటుగా ‘వ’ గదిలోకి వెళ్లింది. ఆ రోజు ఆయనకి జ్వరం, పైగా ఇంకో మూడు కార్డులు వరసలో ఉన్నాయి. మొదటిసారి, ఆఖరిసారి కూడా, ప్రూఫు నాకొక్కడికే వదిలేశాడు. నేను చదివాను. చి.ల.సౌ. అయ్యాక ‘వరుడు’ అని ఉండాలి కాబట్టి ‘వరుడు’ అనే చదివాను. 300 కార్డులు పడ్డాయి, పసుపు రాసి పట్టుకెళ్లారు, పాతిక దాకా పంచేశారు కూడా. అప్పుడు మగపెళ్లివారి తరఫున ఎవరో కళ్లద్దాలు సవరించుకుని చూస్తే కార్డు మీద ‘పరుడు’ అని ఉంది.

పరుడంటే పరాయివాడు. మా పిల్లాడు మీకు పరాయివాడా అని వాళ్లు, మేం అనలేదు మొర్రో అని వీళ్లు. పెళ్లి ఆగలేదు గానీ మొత్తానికి ఆ కట్టంతా తెచ్చి మా ఓనరు బల్ల మీద విసిరేశారు. కార్డుల ఖర్చు నాన్న జీతంలో కోశారు.

నాన్న అరవలేదు. ‘వ’ గది మొత్తం ఒక కాయితం మీద బోర్లించి, కూర్చుని ఏరాడు. ఏడు ‘ప’లు దొరికాయి. తర్వాత కేసుల వెనక చెయ్యి పెట్టాడు. పుస్తకం ఉందని ఎలా తెలిసిందో నాకు తెలియదు. అప్పటికి నేను ఇంకా నాలుగైదు పేజీలే మిగిల్చాను. ట్రెడిల్ మిషను రోలర్లు కిరసనాయిలు పోసి తుడిచే వేళ అది. ఆయన పుస్తకం చివరి నుంచి ఒక్కో కాయితం చింపి, కిరసనాయిల్లో ముంచి, సిరా తుడిచాడు. తుడవడమయ్యాక నా దగ్గరికొచ్చాడు. ఆ దెబ్బల లెక్క ఇక్కడ వద్దు. ఈ ఎడం చేతి చిటికెనవేలు పూర్తిగా వంగదు, అది చాలు.

హంతకుడెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇలాంటి చోట మనవాళ్లు ఒక మాట అంటారు. ఆ రోజు ఆయన కొట్టబట్టే నేనింతవాణ్నయ్యాను అని. వెనక నిలబడ్డ మాస్టార్లు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు. నేను అనను. పదకొండేళ్ల పిల్లాణ్ని ఒక అక్షరం కోసం అలా కొట్టక్కర్లేదు. అక్షరాల తేడా తెలియడానికి నా వేలు వంగకుండా పోవాల్సిన పనిలేదు. జీతం కోతపడ్డ మనిషి కోపం నాకిప్పుడు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన ఒప్పు అయిపోదు.

అద్దె కొట్టాయనకి పుస్తకం డబ్బు నేను కట్టలేనుగా. ఆయన పుస్తకాల లిస్టంతా కొత్త నోటుబుక్కులో గుండ్రంగా రాసిపెట్టి బాకీ తీర్చాను. కానీ మళ్లీ అద్దెకిచ్చేది లేదన్నాడు. అప్పుడు మిగిలింది ఊరి గ్రంథాలయం. అక్కడ కూర్చుని చదివితే పైసా అడగరు. ఎందుకు అడగరంటే మీ అమ్మానాన్నలు ముందే కట్టేశారు. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. ఈ హాలు, ఈ ఫ్యాను, ఈ మైకు, నన్ను పిలిచిన ఆటో ఖర్చు, అన్నీ అందులోంచే. కాబట్టి లోపలికి రావడానికి ఎవరూ మొహమాటపడక్కర్లేదు.

అక్కడ ‘చందమామ’ పాత సంచికలు అట్టలేసి కుట్టి ఉండేవి. మా తెనాలివాళ్లకి ఆ పత్రిక మీద కొంచెం సొంతమన్న గర్వం ఉంటుంది. 1947 జూలైలో మద్రాసులో మొదలైనా, దాని వెనకున్న చక్రపాణి మా ఊరాయన. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ మా ఊరే. అన్నేళ్లు సంపాదకుడి పని చేసినా పత్రికలో ఆయన పేరు ఉండేది కాదు. ఈ విషయం లైబ్రేరియన్ చెబితే నేను ఇంటికెళ్లి గొప్పగా చెప్పాను. నాన్న అన్నం కలుపుకుంటూ, “కంపోజ్ చేసినవాడి పేరు మాత్రం ఉందా?” అన్నాడు.

విశాలాంధ్ర పుస్తకాల షాపు నుంచి తెచ్చిన ఒక్క రష్యా పుస్తకాన్ని మాత్రం ఆయన చేతిలోకి తీసుకున్నాడు. మాస్కోలో ప్రగతి ప్రచురణాలయం అచ్చు. గట్టి అట్ట, మందపాటి కాయితం, చవక. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్లు అక్కడికెళ్లి కూర్చుని తెలుగులోకి అనువాదాలు చేశారు కదా, అలాంటిది. నాన్న కథ పేరు కూడా చూడలేదు. పేజీ మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు, వెలుతురుకి ఎత్తి పట్టుకుని వెనక పేజీ లైన్లు ముందు పేజీ లైన్ల మీద సరిగ్గా కూర్చున్నాయా లేదా చూశాడు. పది పేజీలు తిప్పి, “అక్కడ కంపోజ్ చేసేవాడికి తెలుగు వచ్చంటావా?” అని అడిగాడు. ఏమో అన్నాను. “రాదు. వస్తే ఇంత శుభ్రంగా రాదు” అన్నాడు. అది నిజమో కాదో నాకు తెలియదు. ఆయన ఇంకో మనిషి పనిని మెచ్చుకోగా విన్నది మాత్రం అదొక్కసారే.

1977 నవంబరు 19 ఉప్పెన మీ తాతలని అడగండి, చెబుతారు. దివిసీమ తుడిచిపెట్టుకుపోయింది. ఆ కష్టం ముందు మాది కష్టమే కాదు. మా ప్రెస్సు రేకులు లేచిపోయి కేసుల్లోకి నీళ్లొచ్చాయి, కరెంటు లేదు. నాన్నకి ఇంట్లో కూర్చోవడం రాదు. పొద్దున లేచి చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చునేవాడు. రాత్రిళ్లు పక్కింటివాళ్లు మా ఇంట్లోనే పడుకునేవారు, వాళ్ల కప్పు దిగిపోయింది. పిల్లలు భయపడుతుంటే అమ్మ, ఏదైనా చదవరా అంది. కిరసనాయిలు బుడ్డి పెట్టుకుని బేతాళ కథ చదివాను. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన వింటున్నాడని నాకు తెలియదు. మర్నాడు, ఆ మర్నాడు కూడా చదివాను. నాలుగోరోజు ఇద్దరం కలిసి ప్రెస్సుకెళ్లి నీళ్లు ఎత్తిపోస్తుంటే ఉన్నట్టుండి అన్నాడు:

“ఆ రాజు ఆ శవాన్ని అక్కడే వదిలేసి పోవచ్చుగా?”

మాట ఇచ్చాడు కదా నాన్నా అన్నాను.

“జీతం లేని పనికి అంత పట్టుదలేంటి” అని బకెట్టు అందుకున్నాడు.

నేను అంతకుముందూ ఆ తర్వాతా ఎన్నో సమీక్షలు చదివాను. అంత దూరం ఆలోచించినవాళ్లు తక్కువ.

తర్వాత కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చే డీటీపీ వచ్చింది, ఆఫ్‌సెట్ వచ్చింది. మా ప్రెస్సు అక్షరాలు కిలోల లెక్కన పాత సామాన్లవాడికి వెళ్లాయి. నాన్న కంప్యూటర్ ముందు రెండు వారాలు కూర్చుని లేచొచ్చేశాడు. మిగిలిన కాలం ఇంట్లో దినపత్రికలో తప్పులకి ఎర్ర గీతలు పెడుతూ గడిపాడు. ఆ పేపర్లు ఎవరికీ పంపేవాడు కాదు. సాయంత్రం మడిచి అటక మీద పెట్టేవాడు.

ఆయన్నుంచి నాకేం వచ్చింది అని మీరు అడగొచ్చు. తాపీగా చూడటం వచ్చింది. లోను కాయితాల్లో ఒక సున్నా ఎక్కువ పడితే పట్టుకున్నాను, ఒక రైతు పొలం మిగిలింది. ఒక పేజీ వెనక ఎవరెవరి చెయ్యి ఉంటుందో తెలిసింది. దాంతోపాటు ఇంకోటి కూడా వచ్చింది, అదీ చెప్పాలి. మా అమ్మాయి ఇంటర్మీడియట్‌కి హాస్టల్లో చేరిన కొత్తలో ఉత్తరం రాసింది. నాలుగు పేజీలు. మెస్సులో అన్నం బాగాలేదని, నిద్ర పట్టట్లేదని, టెన్షన్‌గా ఉందని, ఒకసారి వచ్చి చూసి వెళ్లమని. నేను ఆ ఉత్తరంలో తప్పులన్నీ ఎర్ర పెన్నుతో దిద్ది, ‘ఒత్తులు జాగ్రత్త’ అని కింద రాసి తిరుగు టపాలో పంపించాను. మంచి తండ్రిననుకుంటూ పంపించాను. ఆ పిల్ల ఆ ఏడాదంతా మళ్లీ ఉత్తరం రాయలేదు. అది రాసిందేమిటో నేను చదవలేదు. చూశాను.

ఇప్పుడు ఆ పిల్ల కూతురు నాకు వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసి పంపిస్తుంది. ఒక్క ఒత్తు ఉండదు. చదువుకుంటున్నాను.

టైమైందని కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. ఇంకొక్కటి చెప్పి దిగిపోతాను.

1988లో నా మొదటి కథ ఒక వారపత్రికలో పడింది. అందులో ఒక తండ్రి, ఒక కొడుకు ఉంటారు. తండ్రి కంపోజిటర్ కాదు, బస్సు డ్రైవరు. నాకూ తెలివి ఉందిగా, మార్చాను. పత్రిక ఇంట్లో టేబులు మీద పెట్టి, నాన్నకి చెప్పకుండా డ్యూటీకి వెళ్లిపోయాను. రాత్రి వచ్చేసరికి అది పెట్టిన చోటే ఉంది. తీసి చూస్తే ఎర్ర పెన్సిలు గుర్తులు మూడు. ఒకటి, దీర్ఘం పడని చోట దీర్ఘం పెట్టాడు. రెండోది ‘ధ’ బదులు ‘థ’ పడింది, దిద్దాడు. ఆ రెండూ పత్రికవాళ్ల తప్పులే.

మూడోది తప్పు కాదు. కథ చివర్లో ‘నాన్న నా తల నిమిరాడు’ అని ఒక వాక్యం రాశాను. దాని కింద గీత గీసి, మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టాడు.

ప్రెస్సులో ఆ గుర్తుకి అర్థం వేరు. ఇది తప్పని కాదు. రాతప్రతిలో ఇలాగే ఉందా, ఒకసారి మూలం చూసి చెప్పండి అని రచయితని అడగడం. ఆ కథకి మూలం ఆయనే కదా. రచయిత ఆ గుర్తు పక్కనే, ఉంది అనో, తీసెయ్యండి అనో రాసి పంపాలి. అప్పుడే ఫారం మిషనెక్కుతుంది.

నేను ఏమీ రాయలేదు. పత్రిక ట్రంకుపెట్టెలో పెట్టేశాను. ఆయన కూడా మళ్లీ అడగలేదు. మొన్న ఈ సభ కోసం దాన్ని బయటికి తీశాను. కాయితం పచ్చబడింది గానీ పెన్సిలు గుర్తు చెక్కుచెదరలేదు.

ఇక సెలవు. నమస్కారం.